ఇప్పపూతకు తీసుకున్న లైన్ క్లియర్

కరెంటు డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన ఇంజినీరు పిల్లలు కొందరు ఖమ్మంలో ఖానాపురం హవేలీ ప్రాంతంలోని మా ఇంటికి అప్పుడప్పుడు వస్తుంటారు. "మేడం, మీ సర్వీసులో అన్నిటికంటే పెద్ద కేసు ఏది?" అని అడుగుతారు. ఈదురుగాలికి స్తంభాలు వరసగా పడుకున్న కథ చెప్తానని వాళ్ల ఆశ. నేను గబ్బిలాల కథ మొదలుపెడతాను. పాపం, మర్యాదకు వింటారు. కొందరు మధ్యలో ఫోను చూసుకుంటారు. మీరు చూసుకున్నా నాకు కనిపించదు కాబట్టి మీ ఇష్టం.

ముందే ఒక మాట. నాకు గబ్బిలాలంటే చచ్చేంత చిరాకు. మాది వేంసూరు వైపు వ్యవసాయ కుటుంబం. మా నాన్నకు ఇంటి వెనక జామతోట ఉండేది. ఏ కాయ పండినా మాకంటే ముందు గబ్బిలం రుచి చూసేది. పొద్దుగూకగానే రేకు డబ్బా కొట్టుకుంటూ తోటలో తిరిగే పని నాది. చదువుకుని ఆ పని తప్పించుకున్నాను అనుకుంటే, కరెంటు ఉద్యోగంలోనూ అదే శత్రువు ఎదురైంది. పెద్ద గబ్బిలం రెక్కలు చాపితే ఒక తీగ మీంచి ఇంకో తీగ అందుతుంది. దాని ప్రాణం పోతుంది, దాంతోపాటు నాలుగు ఊళ్లకు కరెంటు పోతుంది. జనం మాత్రం గబ్బిలాన్ని తిట్టరు, నాకు ఫోన్ చేసి నన్ను తిడతారు.

నా చివరి పోస్టింగు భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న ఒక సెక్షన్. సెక్షన్ అంటే రెండు గదుల ఆఫీసు, చుట్టూ కొన్ని ఊళ్లు, గూడేలు, కొందరు లైన్‌మెన్లు, వాళ్ల మీద ఒక అసిస్టెంట్ ఇంజినీరు. ఆ ఇంజినీరు నేనే. నాకు కుడిభుజం లాంటి మనిషి మా లైన్ ఇన్‌స్పెక్టర్. నెమ్మదిగా నడుస్తాడు, నెమ్మదిగా మాట్లాడతాడు, ఏది చెప్పినా ముందు "చూద్దాం మేడం" అంటాడు. ఆయన "చూద్దాం" అన్నాడంటే పని అయిపోయినట్టే. ఈ సుగుణమే తర్వాత మా కొంప ముంచింది.

మెయిన్ రోడ్డు నుంచి ఒక గూడెంలోకి దారి చీలేచోట చిన్న సెంటర్ ఉంది. ఒక టీ కొట్టు, ఒక పంచర్ల కొట్టు, కాస్త వెనగ్గా నాలుగు పెద్ద ఇప్పచెట్లు. సారపాకలోని కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర మోసుకెళ్లే లారీలు ఆ మలుపులోనే తిరుగుతాయి. ఒక సాయంత్రం మసక చీకట్లో ఒక లారీ గేదెను గుద్దింది. గేదె చచ్చిపోయింది. ఆ గేదె గూడెంలో ఒక అక్కది. ఇప్పచెట్లు కూడా ఆమెవే. ఆమెవంటే పట్టా కాగితం ఏమీ లేదు. ఫలానా చెట్టు కింద పువ్వు, కాయ ఏరుకునేది ఫలానా ఇంటివాళ్లు అని గూడెంలో తరతరాలుగా కట్టుబాటు. ఆ నాలుగు చెట్లూ ఆమెకు తల్లి నుంచి వచ్చాయి. ఎండాకాలంలో పువ్వు ఏరి ఆరబెట్టుకుంటుంది, తొలకరికి కాయ ఏరి గింజల నూనె ఆడించుకుంటుంది. ఆ ఇంట్లో ఏడాదంతా కూర తాలింపుకూ, కీళ్లనొప్పులకూ అదే నూనె.

గేదె పోయాక జరిగిన గ్రామసభలో ఆమె సర్పంచ్ చేతిలోని మైకు లాక్కుని, సెంటర్‌లో లైటు పెట్టేదాకా ఇక్కణ్ణుంచి లేవనంది. సర్పంచ్ కుర్రవాడు, హుషారైనవాడు. ఎక్కడెక్కడో తిరిగి ఏకంగా హైమాస్ట్ తెచ్చాడు. తాటిచెట్టంత స్తంభం, పైన చుట్టూరా పెద్ద పెద్ద ఎల్ఈడీ లైట్లు, దానికోసమే ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్. ప్రారంభోత్సవానికి చీకటిపడ్డాక నల్ల కళ్లద్దాలు పెట్టుకొచ్చాడు. ఇదేమిటని అడిగితే, "మన లైటు అంత జోరు మీదుంటది మేడం" అన్నాడు.

నిజంగానే జోరు మీద ఉంది. గూడెంలో సగం సంసారం ఆ వెలుగు కిందికి మారింది. మగవాళ్లు పేకాటకు, ఆడవాళ్లు ముచ్చట్లకు అక్కడికే వచ్చేవారు. టీ కొట్టాయన కోళ్లు ఎప్పుడు పడుకోవాలో తెలియక అర్ధరాత్రి దాకా మేత ఏరుకునేవి. నేను ఆ దారిన వెళ్లినప్పుడల్లా గర్వంగా తలెత్తి చూసేదాన్ని.

ఫాల్గుణంలో ఇప్పచెట్లు ఆకు రాల్చి పూతకొచ్చాయి. ఏటా ఆ రోజుల్లో పొద్దు వాలగానే, వాగు ఒడ్డున మద్దిచెట్లకు తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలు గుంపుగా వచ్చి పువ్వుల మీద వాలేవట. ఆ ఏడు ఆ గుంపులు కనిపించలేదు. అక్క సంబరపడింది. కొరుకుడు లేకుండా పువ్వంతా నిండుగా రాలింది. లైటు పుణ్యమా అని గబ్బిలాల పీడ విరగడైందని టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పింది. ఆ మాట నా చెవినా పడింది. మా నాన్న జామతోటకు ఇలాంటి లైటు ఒకటి ఉంటే నా చిన్నతనం ఎంత సుఖంగా గడిచేదో అనుకున్నాను.

తొలకరి వానలు పడ్డాక ఒకరోజు అక్క మా ఆఫీసుకు వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"మేడం, గా లైటు బంద్ చెయ్యి."

"ఏ లైటు అక్కా?"

"సెంటర్ల పెద్ద లైటు."

"ఏం, వెలగటం లేదా?"

"వెలుగుతున్నది. గందుకే వచ్చిన."

మా కంప్యూటర్‌లో ఫిర్యాదుల రకాలు చాలానే ఉన్నాయి. కరెంటు లేదు, వోల్టేజీ తక్కువ, తీగ తెగింది, స్తంభం ఒరిగింది. లైటు వెలుగుతోందన్న ఫిర్యాదును ఎక్కడ ఎక్కించాలో మాకు తెలియలేదు.

"లైటు కావాలని మైకు గుంజుకున్నది నువ్వే కదా," అన్నాను.

"అవ్, నేనే. బర్రె పోయిన దుఃఖంల గుంజుకున్న. నేను రోడ్డు మీదికి అడిగిన మేడం, నా చెట్ల మీదికి అడగలే."

"చెట్లకేమైంది?"

"పువ్వు మస్తు రాలింది. కాయ లేదు. గబ్బిలాయిలు రాలే గదా, ఇగ కాయేడికెల్లి వస్తది?"

"రాకపోతే మంచిదే కదా అక్కా. తినిపోయే దొంగలు."

"నేను గూడ గట్లనే అనుకున్న. గబ్బిలాయి ముట్టని పువ్వు గొడ్డుపువ్వు అని మా అమ్మ అంటుండె. ముసలోళ్ల ముచ్చట తీయ్ అని నవ్విన. ఇప్పుడు నూనెకు సరిపోయేంత గింజ లేదు."

తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇప్పపువ్వుకు పని రాత్రిపూటే. గబ్బిలం తీపి కోసం ఒక పువ్వులో మూతి పెడుతుంది, మూతికి అంటిన పుప్పొడితోనే పక్క చెట్టు మీద వాలుతుంది. అది తిన్నది పోగా మిగిలిందే కాయ. వెలుతురు పడితే అది రాదు. కానీ ఆ రోజు నాకు ఇదేమీ తెలియదు. ఏదో ముచ్చట చెప్పుకోవడానికి వచ్చిందనుకుని, టీ ఇప్పించి, ఇన్‌స్పెక్టర్ గారిని పిలిచి, "ఆ హైమాస్ట్ సంగతి ఒకసారి చూడండి" అని చెప్పి పంపేశాను.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"చూసినం మేడం. చెట్ల దిక్కు రెండు లైట్లు ఈ మధ్యనే మాడినయంట. కొత్తవి ఏసినం. ఉన్నవాటి అద్దాలు గూడ సర్ఫుతోని కడిగించిన. ఇప్పుడు చెట్టు కింద సూది వడ్డా కనవడ్తది."

ఆయన తప్పు ఏముంది? మా ఉద్యోగంలో లైటు సంగతి చూడమంటే ఎవరైనా వెలిగించే వస్తారు. లోకంలో ఏ లైన్‌మన్‌కూ ఇంకో ఆలోచన రాదు. నేను ఏదో అనబోయేలోపే అక్క వచ్చేసింది. తిట్టలేదు. బెంచీ మీద కూర్చుని నా వంకే చూస్తూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇక లాభం లేదని ఆమె వెంట వెళ్లాను. నాలుగు చెట్లలో ఒకటి లైటుకు బాగా దగ్గర. దాని కింద నిలబెట్టి, "చూడు" అంది. చూశాను. లైటు వైపు కొమ్మలన్నీ ఉత్త ఆకులు. వాగు వైపు, అంటే చెట్టు నీడ పడే వైపు, గుత్తులు గుత్తులుగా కాయలు. ఒకే వేరు, ఒకే మాను, సగం తల గొరిగి మంగలి లేచిపోయినట్టుంది. పురుగు పట్టిందనో, వాన సరిగా లేదనో ఏదైనా వంక చెబుదామని వచ్చినదాన్ని నోరు మూసుకున్నాను.

పొద్దుపోయేదాకా అక్కడే ఉన్నాం. వాగు మీంచి పెద్ద గబ్బిలాలు వచ్చాయి. నేరుగా చెట్ల వైపు వచ్చి, వెలుతురు మొదలయ్యేచోట చటుక్కున వెనక్కి తిరిగాయి. చీకటి వైపు కొమ్మల మీద వాలినవి వాలాయి, మిగతావి అడవిలోకి వెళ్లిపోయాయి. రేకు డబ్బా అక్కర్లేకుండా ఇంత పకడ్బందీగా తరిమే పనిముట్టు ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. ముచ్చటపడాల్సినదాన్ని, పడలేకపోయాను.

సర్పంచ్‌ను పిలిచాం. ఆయన తలెత్తి లైటు చూపించాడు. దాని చుట్టూ పురుగుల కోసం చిన్న చిన్న గబ్బిలాలు గిరగిరా తిరుగుతున్నాయి.

"అగో, గవి గబ్బిలాయిలు గావా? లైటుకే వస్తున్నయి గద మేడం."

"అవి పురుగుల్ని తినేటివి," అంది అక్క. "నా చెట్టుకొచ్చేవి పెద్దవి. అవి లైటును చూసి భయపడ్తయి."

"భయపడితే నేనేం చెయ్యాలె పెద్దమ్మా? గబ్బిలాయిల కోసం లైటు బంద్ చేసిన సర్పంచ్ అని నన్ను మండలమంతా నవ్వదా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఆ మాటా కొట్టిపారేసేది కాదు. పైగా మలుపులో లారీలు ఉన్నాయి. నేను ఖమ్మంలోని మా డివిజనల్ ఇంజినీరు గారికి ఫోన్ చేశాను. ఆయన మంచి మనిషే. అంతా విని, "మేడం, లైటు వెలిగించమని నామీద ఎంతమంది ఒత్తిడి తెస్తారో మీకు తెలుసు. ఆర్పమని చెప్పే అధికారం నాకుందో లేదో నాకే తెలియదు. లైటు పంచాయతీది కదా, వాళ్లను అడగండి" అన్నారు. పంచాయతీ వాళ్లేమో కరెంటు మీదే కదా అన్నారు. ఇలా అటూ ఇటూ తిరిగేసరికి వానాకాలం, చలికాలం గడిచి మాఘం వచ్చేసింది. ఇప్పచెట్లు మళ్లీ ఆకు రాల్చడం మొదలుపెట్టాయి.

అప్పటికే ఆ ఇంట్లో నూనె అయిపోయి కొట్టులో ప్యాకెట్లు తెచ్చుకుంటున్నారు. ఈ పూత కూడా అలాగే పోతే ఇంకో ఏడాది అంతే. అక్క రోజూ ఆఫీసుకు రావడం మొదలుపెట్టింది. వచ్చి బెంచీ మీద కూర్చునేది. మా వాళ్లు టీ ఇచ్చేవారు, తాగేది. ఒకరోజు ఆఫీసులో ఎవరూ లేనప్పుడు ఫోను మోగితే తనే ఎత్తింది. అవతల ఎవరో కరెంటు పోయిందన్నాడు. "నీ నసీబు మంచిగున్నది బిడ్డా" అని పెట్టేసింది. అతను మళ్లీ చేసి నాకు చెప్పాడు. ఆ రోజు నవ్వలేక, కోప్పడలేక చచ్చాను.

ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టర్ టీ ఫ్లాస్క్ మూత తిప్పుతూ నా గదిలోకి వచ్చాడు.

"మేడం, హైమాస్ట్ లైట్లు దించే ఇనుప తాడు పోగులు లేస్తున్నయి. మార్చాలె. ఎప్పటికైనా ఎల్సీ తీసుకోవాల్సిందే. గది ఇప్పుడే తీసుకుంటే?"

మీలో కరెంటు పని తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఎల్సీ అంటే లైన్ క్లియర్. లైను మీద పని చేసే మనిషి ముందు సరఫరా ఆపించి, స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి తన దగ్గర పెట్టుకుంటాడు. పని అయ్యాక, తీసుకున్న మనిషే తన నోటితో వాపసు ఇవ్వాలి. అతను ఇచ్చేదాకా ఆ లైనుకు కరెంటు ఇవ్వకూడదు. మంత్రి చెప్పినా, మా చీఫ్ ఇంజినీరు చెప్పినా ఇవ్వకూడదు. ఎందుకంటే స్తంభం మీద మనిషి ఉన్నాడో లేడో అతనికే తెలుసు. ఈ నియమాన్ని తేలిగ్గా తీసుకున్నచోట మనుషులు పోయారు. వాళ్లలో నాతో కలిసి అన్నం తిన్నవాళ్లున్నారు.

"మీ పేరు మీద వద్దు," అన్నాను. "నా పేరు మీద తీసుకుందాం. గొడవైతే నన్నే అడుగుతారు."

"చూద్దాం మేడం," అన్నాడు. మర్నాడే తాళం పడింది.

మలుపులో లారీల సంగతి మరిచిపోలేదు. ఇన్‌స్పెక్టర్ టీ కొట్టు లైను మీద ఒక చిన్న బల్బు కట్టించి, ఖాళీ నూనె డబ్బాను నిలువుగా కోసి దానికి టోపీలా తొడిగాడు. వెలుతురంతా కిందికి, రోడ్డు మీదే పడింది. నిజం చెప్పాలంటే డ్రైవర్లకు అదే బాగుంది, పాత లైటు కళ్లలో కొడుతోందని అంతకు ముందునుంచే గొణుగుతున్నారు.

కొత్త తాడు హైదరాబాదు నుంచి రావాలి. ఇలాంటి సామాను ఎప్పుడు అడిగినా నెలలు పడుతుంది, ఆ ధైర్యంతోనే ఉన్నాను. డిపార్ట్‌మెంట్ చరిత్రలో మొదటిసారి, అడిగిన వారంలో వచ్చేసింది. అప్పటికి చెట్ల మీద మొగ్గ మాత్రమే ఉంది. తాడు మార్చాం. ఆ తర్వాత ఎర్తింగ్ చూడాలన్నాను. ఎర్తింగ్ గుంత తవ్వించి, ఉప్పు వేయించి, నీళ్లు పోయించి, అది ఇంకేదాకా ఆగాలన్నాను. రెండోసారి తవ్వించాను. ఆ గుంత తవ్వినంత శ్రద్ధగా మావాళ్లు ఎక్కడా తవ్వి ఉండరు. ఈలోగా పూత విచ్చుకుంది. పొద్దువాలితే చాలు, వాగు మీంచి గుంపులు గుంపులుగా గబ్బిలాలు. చెట్లన్నీ కిచకిచలతో ఒకటే గోల. నా జీవితంలో మొదటిసారి వాటి గోల విని నాకు హాయి అనిపించింది.

సరిగ్గా పూత మధ్యలో ఉండగా సర్పంచ్ పరుగెత్తుకొచ్చాడు. కమ్యూనిటీ హాలు శంకుస్థాపనకు ఒక పెద్ద నాయకుడు వస్తున్నాడట. ఆ సెంటర్‌కే. మధ్యాహ్నం కార్యక్రమం అన్నారు కాబట్టి నేను పట్టించుకోలేదు. నాయకుల మధ్యాహ్నం ఎప్పుడవుతుందో ఇన్నేళ్ల ఉద్యోగంలో నేర్చుకోనందుకు నన్ను నేనే తిట్టుకోవాలి. ఆయన బండ్లు వచ్చేసరికి పొద్దు గుంకుతోంది.

సర్పంచ్ చెమటలు కక్కుతూ నన్ను ట్రాన్స్‌ఫార్మర్ పక్కకు లాక్కెళ్లాడు.

"మేడం, మీ కాళ్లు మొక్కుత. ఒక్క గంట. నేను తెచ్చిన లైటు కింద సార్‌ను చీకట్ల నిలబెట్టాల్నా?"

"షామియానాలో జనరేటర్ ట్యూబులు ఉన్నాయిగా."

"గవి పెళ్లి లైట్లు మేడం. నా లైటు వెలగాలె."

కాస్త దూరంలో అక్క నిలబడి ఉంది. నా చేతిలోని హ్యాండ్‌బ్యాగు వంక చూస్తోంది. తాళంచెవి అందులో ఉందని ఆమెకు తెలుసు. ఒక్క గంటే కదా అని నాకూ అనిపించకపోలేదు. కానీ గబ్బిలాలు వచ్చేది సరిగ్గా ఆ గంటలోనే. ఒకసారి బెదిరితే మళ్లీ ఎన్ని రోజులకు వస్తాయో ఎవరు చెప్పగలరు? పూత మన కోసం ఆగదు. ఇంతలో డివిజనల్ ఇంజినీరు గారి ఫోన్. ఎవరో అప్పటికే ఆయన చెవిన వేశారు.

"మేడం, ఆ ఎల్సీ ఎవరి పేరు మీద ఉంది?"

"నా పేరు మీదే సార్."

"తాడు మార్చారా?"

"మార్చాం సార్."

"ఎర్తింగ్?"

"అయింది సార్."

"మరి ఇంకేం పని మిగిలింది?"

అబద్ధం చెబుదామనే నోరు తెరిచాను. రాలేదు. "పూత మిగిలింది సార్. ఇంకో వారం పడుతుంది."

ఆయన నిదానంగా అన్నారు. "మీరు వాపసు ఇవ్వకుండా ఆ స్విచ్ వెయ్యమని నేను ఎవరికీ చెప్పను. చెప్పినవాడు ఈ డిపార్ట్‌మెంట్‌లో ఉండటానికి పనికిరాడు. కానీ మేడం, రేపు పైనుంచి అడిగితే జవాబు మీరే చెప్పుకోవాలి."

"చెప్పుకుంటాను సార్."

"హలో? హలో? ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు," అని పెట్టేశారు. ఖమ్మం నడిబొడ్డున, ఆఫీసు కుర్చీలో కూర్చున్న మనిషికి సిగ్నల్ లేదట.

సర్పంచ్‌కు కుదరదని చెప్పేశాను. రిటైర్మెంటు ముందర బదిలీ చేసి ఎక్కడో పడేస్తారేమోనని భయం వేసింది, ఆ మాట దాచను. సర్పంచ్ మొహం చూస్తే జాలి కూడా వేసింది. అయినా హ్యాండ్‌బ్యాగు జిప్పు తియ్యలేదు.

ట్యూబులైట్ల కింద ఉపన్యాసం అయింది. నాయకుడు శిలాఫలకం తెర లాగడానికి షామియానా బయటికి వచ్చాడు. ఫలకం మొదటి ఇప్పచెట్టు పక్కనే పెట్టారు. అప్పటికి పైన గబ్బిలాల విందు మంచి జోరు మీద ఉంది. ఆయన తెర లాగాడు, జనం చప్పట్లు కొట్టారు. పైనుంచి, బాగా నమిలి రసం పీల్చేసిన ఇప్పపువ్వు పిప్పి ఒకటి జారి, మల్లెపువ్వులాంటి ఆయన తెల్లచొక్కా భుజం మీద తప్పున పడింది.

చప్పట్లు ఆగిపోయాయి. గన్‌మన్ పైకి చూశాడు. నాకు నా బదిలీ ఆర్డరు కళ్లకు కట్టింది. పీఏ జేబురుమాలు తీసి ముందుకు ఉరకబోయాడు. అప్పుడు సర్పంచ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"తుడవొద్దు సార్. మీ నసీబు మంచిగున్నది. మా తాన ఇప్పపూతల గబ్బిలాయి భుజం మీద ఉమ్మితే ఆ మనిషికి తిరుగుండదంటరు. మళ్లా గెలుస్తరు సార్."

అలాంటి నమ్మకం ఆ గూడెంలోనే కాదు, భూప్రపంచంలో ఎక్కడా లేదు. ఆ క్షణాన పుట్టింది. నాయకుడు జనం వైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు. అక్క ముందుకు వచ్చింది. ఆమె మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

"అవ్ సారూ. మా అమ్మ చెప్తుండె. ఎడమ భుజం మీద పడితే ఒకపారి, కుడి భుజం మీద పడితే రెండుపార్లు."

నాయకుడు తల వంచి చూసుకున్నాడు. కుడి భుజమే. పీఏను దూరంగా జరగమన్నాడు. పత్రికలవాళ్లను పిలిచి అటువైపు నుంచి ఫొటో తియ్యమన్నాడు. వెళ్లేముందు, లైటు ఎందుకు వెలగడం లేదని అడిగాడు.

"గబ్బిలాయిల కోసమే సార్," అన్నాడు సర్పంచ్, కన్ను కూడా ఆర్పకుండా. "పూత దినాలల్ల ఏటా బంద్ పెడ్తం. మా పంచాయతీ తీర్మానం."

ఆ తీర్మానం మర్నాడు పొద్దున చేశారు.

బండ్లు వెళ్లిపోయాక ఇన్‌స్పెక్టర్ ఫ్లాస్క్‌లోంచి అందరికీ టీ పోశాడు. సర్పంచ్, అక్క, నేను ఒకరి మొహం ఒకరం చూసుకుని కడుపు పట్టుకుని నవ్వాం. పువ్వు రాలడం ఆగాక ఎల్సీ వాపసు ఇచ్చాను. పైనుంచి వివరణ అడిగారు, ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరూ నమ్మలేదు గాని, అదృష్టవశాత్తు ఎవరూ తిరిగి అడగలేదు కూడా.

తొలకరికి అక్క ఫోన్ చేసింది. "మేడం, ఒకపారి వచ్చిపో" అంది, అంతే. ఏమైందోనని గాభరాగా వెళ్లాను. మొదటి చెట్టు కింద, నిరుడు నిలబెట్టినచోటే నిలబెట్టింది. పైకి చూశాను. లైటు వైపు కొమ్మలు బరువుకు కిందికి వంగి ఉన్నాయి. ఆకులకంటే కాయలే ఎక్కువ కనిపించాయి. నాకు ఏడుపొచ్చింది. కొత్త సబ్‌స్టేషన్లకు కరెంటు ఎక్కించినప్పుడు, మైళ్లకొద్దీ లైన్లు వేసి అడవి లోపలి గూడేలకు మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు కూడా నాకు కన్నీళ్లు రాలేదు. మంచిపని చేశానన్న తృప్తి అప్పుడూ ఉంది. ఇది వేరే. ఇది నేను ఏమీ చెయ్యకుండా, చేతులు ముడుచుకుని కూర్చున్నందుకు కాసిన కాపు.

"ఏడుస్తవేంది మేడం?" అంది అక్క. "గంప పట్టు. వాన వచ్చేటట్టున్నది."

పట్టాను. నడుం పడిపోయేదాకా కాయలు ఏరించింది.

తర్వాతి పూతకు నేను రిటైరై ఉన్నాను. ఆ నాయకుడు గెలిచాడు. గబ్బిలానికీ ఆయన గెలుపుకూ ఏమిటి సంబంధం అని మీలాంటి చదువుకున్నవాళ్లు అంటారు, నేనూ అంటాను. కానీ మాట పాకింది. భద్రాచలం వెళ్లివస్తూ ఒక సాయంత్రం చెట్లను చూసిపోదామని ఆ సెంటర్‌లో దిగాను. హైమాస్ట్ ఆరి ఉంది. ఇప్పచెట్టు కింద ఎవరో మనిషి ఒంటరిగా నిలబడి ఉన్నాడు. దగ్గరికి వెళ్తే మన సర్పంచ్. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన కొత్త తెల్లచొక్కా. కుడి భుజం కొంచెం ముందుకు పెట్టి నిలబడ్డాడు. ఊళ్లో ఎన్నికలు దగ్గరపడ్డాయి.

"ఏమిటి సర్పంచ్ గారూ, ఇక్కడ నిలబడ్డారు?"

"ఊకెనే మేడం. గాలికి."

"ఆ ముచ్చట మీరు కల్పించిందే కదండీ."

"అవ్ మేడం, నేనే కల్పించిన," అన్నాడు సిగ్గుపడుతూ. "ఎందుకైనా మంచిది గదా అని."

కాసేపు ఇద్దరం పైకి చూస్తూ నిలబడ్డాం. గబ్బిలాలు వచ్చాయి గాని పక్క చెట్టు మీదే వాలాయి. సర్పంచ్ చుట్టూ చూశాడు. టీ కొట్టు వైపు చూశాడు. తర్వాత నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించి అన్నాడు.

"మేడం, ఆ కొట్టు బల్బు వెలుగు గిటుదిక్కు వడ్తున్నట్టున్నది. మీ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పి జర ఆర్పిస్తరా?"